డల్లాస్ అన్న స్టేక్, హనుమకొండ తమ్ముడి స్కిన్‌లెస్ చికెన్

ప్రశ్న: మేడం గారూ, నాకు 39 ఏళ్లు. హనుమకొండలో హార్డ్‌వేర్ షాపు నడుపుతా. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా కుర్చీలోనే. బరువు 94 కిలోలు. షుగర్ వచ్చి నాలుగేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల రెండు పూటలా వేసుకుంటా, పొద్దున డాపాగ్లిఫ్లోజిన్ 10 ఒకటి. మొన్న మూడు నెలల షుగర్ 8.4 వచ్చింది. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఏడు నెలలుగా కార్నివోర్ డైట్ చేస్తున్నాడు. మాంసం, గుడ్లు, ఉప్పు, నీళ్లు, అంతే. 16 కిలోలు తగ్గాడు, షుగర్ బిళ్ల మానేశాడు. అది చూసి నేనూ 12 రోజుల కింద మొదలుపెట్టా. మేం బీఫ్ తినం కాబట్టి రోజుకు కిలో స్కిన్‌లెస్ చికెన్ ఉప్పేసి ఉడకబెట్టుకుని, నాలుగు గుడ్లతో తింటున్నా. నాలుగు కిలోలు తగ్గా. పరగడుపు షుగర్ 180 నుంచి 112కి దిగింది. కానీ రోజుకు నాలుగైదు సార్లు మోషన్స్, ఎప్పుడూ వికారం, ఎంత తిన్నా తీరని ఆకలి. మొన్న షాపులో 11 గంటలకు చేతులు వణికి చెమటలు పట్టాయి. మీటర్‌లో చూస్తే 61. రెండు ఉడకబెట్టిన గుడ్లు తిన్నా, చాలాసేపటికి గానీ తేరుకోలేదు. అన్నని అడిగితే 'బాడీ అలవాటు పడుతోంది, వదలకు' అన్నాడు. మా ఆవిడ రోజూ గొడవ. కంటిన్యూ చేయమంటారా? ఇంకో చిన్న డౌట్: ఆదివారం అమ్మ గోంగూర మటన్ చేస్తే ముక్కలు నీళ్లలో కడిగి గోంగూర లేకుండా తింటున్నా. అంత అవసరమా?

(పేరు వద్దన్న పాఠకుడు, హనుమకొండ)

జవాబు: గోంగూర సంగతి చివర్లో చెప్తాను. ముందు ఫోన్ తీయండి. ఈ జవాబు పూర్తిగా చదవకపోయినా ఫర్వాలేదు, ఈ రోజే మీకు బిళ్లలు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. "12 రోజులుగా అన్నం, రొట్టె, పండు ఏదీ ముట్టలేదు. వికారంగా ఉంది, మోషన్స్ అవుతున్నాయి. మొన్న షుగర్ 61కి పడిపోయింది. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నా" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన ఫోన్ ఎత్తేలోపు రెండు ఇడ్లీలో, కప్పు అన్నమో తినేయండి. డైట్ చెడిపోతుందని చూడకండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మాంసం కాదు, బిళ్లలు. గ్లిమిపిరైడ్ పాంక్రియాస్‌ని తట్టి మరీ ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నది అన్నమా చికెనా అని అది చూడదు. రెండు పూటలా పళ్లెం నిండా అన్నం తినే మనిషికని లెక్కవేసి రాసిన మోతాదు అది. అన్నం పోయింది, మోతాదు అలాగే ఉంది. 11 గంటలకు చేతులు వణికాయంటే అందుకే. ఆ టైంలో మీరు గుడ్లు తినడం చూస్తే, పాపం, డైట్ మీద ఎంత పట్టుదలో అర్థమైంది. కానీ గుడ్డులో చక్కెర లేదు, అది షుగర్‌ని వెంటనే పైకి లేపలేదు. అలాంటప్పుడు మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. షాపులో గల్లాపెట్టె పక్కన ఒక గ్లూకోజ్ ప్యాకెట్ పడేసి ఉంచండి.

డాపాగ్లిఫ్లోజిన్ ఇంకో రకం. ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపడం దాని పని. మంచి మందే. మన దేశంలో 2020 అక్టోబరులో దాని పేటెంట్ తీరిపోయాక ధర బాగా దిగివచ్చింది, చాలామంది వాడుతున్నారు. అయితే ఒక పక్క అది చక్కెరను బయటికి పంపుతూ ఉంటే, ఇంకో పక్క మీరు పిండిపదార్థం ఒక్క ముద్ద కూడా లోపలికి పంపకపోతే, శరీరం కొవ్వు కరిగించి కీటోన్లు తయారు చేసుకుంటుంది. అవి కొద్దిగా ఉంటే ఇబ్బంది లేదు. పోగుపడిపోతే రక్తం ఆమ్లమవుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. మామూలుగా ఈ పరిస్థితిలో షుగర్ 300, 400 చూపిస్తుంది కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. ఈ బిళ్ల మీద ఉన్నవాళ్లకు మాత్రం మీటర్ 150 చూపిస్తూ ఉండగానే లోపల ముదిరిపోవచ్చు. "షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. అందుకని వాంతులు మొదలైనా, కడుపులో నొప్పి వచ్చినా, ఊపిరి బరువుగా వేగంగా వస్తున్నా, ఆ బిళ్ల ఇక వేసుకోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. బిళ్ల పేరు మీరే చెప్పండి, రక్తంలో కీటోన్లు చూడమని మీరే అడగండి. ఈ మాట మీ ఆవిడకి కూడా చెప్పి ఉంచండి. ఆవిడ గొడవ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక మోషన్స్, తీరని ఆకలి.

మీరూ మీ అన్నా ఒకే డైట్ చేస్తున్నామని అనుకుంటున్నారు. కాదు. అక్కడ ఆయన తినేది చాలావరకు రిబ్-ఐ లాంటి బీఫ్ ముక్క (స్టేక్) అయ్యుంటుంది. ఆ ముక్కలో తెల్లటి కొవ్వు చారలు చారలుగా అల్లుకుని ఉంటుంది. దాంట్లో వచ్చే కేలరీల్లో మూడింట రెండొంతులు కొవ్వువే. మీరు తినేది చర్మం ఒలిచేసిన బాయిలర్ కోడి. కిలో తెచ్చుకుంటే ఎముకలు పోను 650, 700 గ్రాముల మాంసం. నాలుగు గుడ్లు కలుపుకున్నా రోజుకు సుమారు 1,100 కేలరీలు. 94 కిలోల మనిషికి అది సగం తిండి. పైగా ఆ సగంలో 60 శాతం ప్రోటీన్ నుంచే వస్తోంది. కేలరీల్లో 35, 40 శాతం మించి ప్రోటీన్ అయితే దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపడం లివర్‌కి తలకు మించిన పని. అప్పుడు వచ్చేవి వికారం, విరేచనాలు, నీరసం, ఎంత తిన్నా కొవ్వు కోసం కొట్టుకునే ఆకలి. మీరు రాసిన లక్షణాలే. మంచుదేశాల్లో చలికాలం కుందేళ్లు తప్ప ఇంకేం దొరకని వేటగాళ్లకు ఇది బాగా తెలుసు. కుందేలు మాంసంలో కొవ్వు ఉండదు. కడుపు నిండా తింటూనే చిక్కి చచ్చిపోయేవాళ్లు. 'కుందేలు కరువు' అని వాళ్లు దీనికి పేరే పెట్టుకున్నారు. మీది స్కిన్‌లెస్ కరువు.

దీనికి నమ్మదగ్గ సాక్ష్యం కూడా ఉంది. కెనడాలో పుట్టిన విల్‌యల్మర్ స్టెఫాన్‌సన్ అనే అన్వేషకుడు ఆర్కిటిక్‌లో ఇన్యూట్ జనంతో ఏళ్ల తరబడి ఉండి, వాళ్లతో పాటు మాంసం, చేపలే తిని బతికాడు. తిరిగొచ్చి చెబితే డాక్టర్లు నమ్మలేదు. సరే నా మీదే చూసుకోండని 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో చేరాడు, తోటి అన్వేషకుడు ఆండర్సన్‌తో కలిసి. ఇద్దరూ ఏడాది పాటు మాంసమే తిన్నారు. (ఖర్చులో వాటా అమెరికా మాంసం కంపెనీల సంఘం పెట్టుకుంది. ఇదీ గుర్తుంచుకోవాల్సిందే.) మొదట్లో డాక్టర్లు స్టెఫాన్‌సన్‌కి కొవ్వు తీసేసిన ముక్కలే పెట్టారు. రెండు మూడు రోజులకే మోషన్స్, వికారం. కొవ్వు కలిపి పెట్టాక సర్దుకుంది. ఆ తర్వాత ఏడాదంతా వాళ్ల కేలరీల్లో ముప్పాతిక భాగం కొవ్వే. లివర్, కిడ్నీ, మెదడు, మూలుగ అన్నీ తిన్నారు. ఏడాది చివర ఇద్దరూ బాగానే ఉన్నారు, విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బు రాలేదు. స్టెఫాన్‌సన్ 82 ఏళ్లు బతికాడు. మాంసం డైట్ చేసేవాళ్లంతా ఈ కథ చెప్తారు. అందులో కొవ్వు సంగతి, అవయవాల సంగతి మాత్రం ఎవరో ఒకరి దగ్గర జారిపోతుంది. మీ దగ్గరికి వచ్చేసరికి రెండూ జారిపోయాయి.

మా విజయవాడలో నేను మటన్ తెచ్చుకునే కొట్లో ఆదివారం పొద్దున ఒక్క గంట నిలబడితే చాలు. "కొవ్వు తీసెయ్ బాబూ" అనని మనిషి ఉండరు. అతను కత్తి మొన ఆ తెల్లటి పొర కిందకు దూర్చి ఒక్క లాగు లాగి, కాటా కింద ఉన్న బకెట్‌లో పడేస్తాడు. మేక మాంసమే కొవ్వు తక్కువది, దాన్నీ ఇంకా ఒలిపించుకుంటాం. ఆ అలవాటుతో టెక్సాస్ డైట్ చేయబోతే ఇలాగే అవుతుంది.

అంటే కొవ్వు పెంచి కంటిన్యూ చేయమంటున్నానా? ఆగండి, ఆ మాట అనలేదు. ముందు మీకు దక్కిన లాభం ఏంటో చూద్దాం, ఎందుకంటే లాభం నిజంగానే ఉంది.

తగ్గిన నాలుగు కిలోల్లో సగం దాకా నీళ్లే. కండల్లో, లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వ (గ్లైకోజెన్) ఒక్కో గ్రాము మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీళ్లూ పోతాయి. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పును కూడా వదిలేస్తాయి, మొదటి వారం తలతిరుగుడు, కాళ్లు పీకడం దానివల్లే. మీకు మోషన్స్ వల్ల పోయింది దీనికి అదనం. అయినా పరగడుపు షుగర్ 180 నుంచి 112కి రావడం ఉత్తుత్తిది కాదు. అయితే దాన్ని దించింది చికెన్ కాదు, పళ్లెంలోంచి పోయిన అన్నం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ మీద చేసిన ఇండియాబ్ అధ్యయనం 2025లో వచ్చింది, దేశమంతా జనం తిండిని లెక్కకట్టింది. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే, అదీ ఎక్కువగా పాలిష్ బియ్యం, మర ఆడించిన పిండి, పంచదార నుంచి. పొద్దున నాలుగు ఇడ్లీ, మధ్యాహ్నం కుప్ప అన్నం, సాయంత్రం చాయ్‌లో రెండు ఉస్మానియా బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం. కుర్చీలో 12 గంటలు కూర్చునే మనిషికి ఇది ఎలా సరిపడుతుంది? అందుకే ఏ డైట్ చేసినా, అందులో అన్నం బిస్కెట్లు పోతే, మొదటి నెలలో షుగర్ దిగుతుంది. మంతెన గారి ఉప్పూ నూనే లేని తిండితోనూ తగ్గినవాళ్లున్నారు, వీరమాచనేని గారి కొబ్బరినూనె డైట్‌తోనూ తగ్గినవాళ్లున్నారు. రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. రెండింట్లోనూ పోయినవి మాత్రం ఇవే. వీరమాచనేని డైట్‌లో కనీసం రోజుకు మూడు నిమ్మకాయలైనా ఉండేవి. మీ అన్న డైట్‌లో అవీ లేవు.

మాంసం తన సొంతంగా ఇచ్చే మేలు కూడా ఉందిలెండి. ఆకలిని పట్టి ఉంచుతుంది. బీ12, ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము, జింక్ బాగా దొరుకుతాయి. కడుపుబ్బరంతో ఏళ్లుగా బాధపడేవాళ్లు కొందరు ఈ డైట్‌తో హాయిగా ఉందంటారు, నమ్ముతాను. పడనిది ఏదో ఒకటి, గోధుమో పాలో ఉల్లిపాయో, అన్నిటితో పాటు పోయింది కాబట్టి. నేనూ మాంసం తినేదాన్నే, మీకు దొండకాయ వేపుడు మహిమలు చెప్పడానికి కూర్చోలేదు.

ఇక నష్టాలు. మీ అన్నకి ఏడు నెలల్లో కనిపించనివి ఇవే. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఈ డైట్ ఆరు నెలలకు పైగా చేస్తున్న 2,029 మందిని ప్రశ్నలడిగి ఫలితాలు ప్రచురించారు. దాదాపు అందరూ బ్రహ్మాండంగా ఉన్నామన్నారు. కానీ పడక మధ్యలో మానేసినవాళ్లు ఆ లెక్కలో ఉండరు కదా, మిగిలినవాళ్లే జవాబిచ్చారు. అందులో రక్తపరీక్ష వివరాలు చెప్పినవాళ్ల ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) చాలా తక్కువ, అది మంచిదే. చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం సగం మందికి 172 పైనే. షుగర్ ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 100 లోపు, కుదిరితే 70 లోపు ఉంచాలని డాక్టర్లు తంటాలు పడుతుంటారు. పైగా మన జనానికి గుండెపోట్లు తెల్లవాళ్ల కన్నా ఐదు పదేళ్లు ముందే వస్తాయి. 39 ఏళ్లు, నాలుగేళ్ల షుగర్, కూర్చునే పని. మీ విషయంలో నేను బేరమాడని అంకె ఏదైనా ఉందంటే అది ఎల్‌డీఎల్. ఈ మధ్య ఒక అమెరికా వైద్య పత్రికలో ఫ్లోరిడా మనిషి ఒకాయన అరచేతుల ఫొటో వేశారు. ఎనిమిది నెలలు కిలోల కొద్దీ చీజ్, వెన్న, మాంసం తిన్నాడు. బరువు తగ్గాడు, హుషారుగా ఉన్నానన్నాడు. కొలెస్టరాల్ వెయ్యి దాటి, అరచేతుల్లో పసుపుపచ్చ పొక్కుల్లా బయటపడింది. అంత అతి మీరు చేయరు. కానీ హుషారుగా ఉండటం, రక్తనాళాలు బాగుండటం వేర్వేరు సంగతులని ఆ అరచేతులు చూస్తే తెలుస్తుంది.

కిడ్నీల మాట. బాగున్న కిడ్నీలను మాంసం పాడుచేస్తుందని గట్టిగా చెప్పలేం. కానీ నాలుగేళ్ల షుగర్ తర్వాత అవి బాగున్నాయో లేదో ముందు తెలియాలి. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ రెండూ లేవు. యూరిక్ యాసిడ్ కూడా చూడాలి, కాలి బొటనవేలు రాత్రికి రాత్రి వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్. పీచు సున్నా కాబట్టి ఇప్పుడు మోషన్స్ అయినా తర్వాత మలబద్ధకం కొందరికి వస్తుంది. సాసేజ్, సలామీ లాంటివి పెద్దపేగు క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది, మేక, గొర్రె లాంటి ఎర్ర మాంసాన్ని 'బహుశా' అనే జాబితాలో పెట్టింది. కోడి, చేప అందులో లేవు. ఇక విటమిన్ సి ఇన్యూట్ జనానికి ఎలా దొరికిందంటారా? వాళ్లు తిమింగలం చర్మం, లివర్ పచ్చిగా తిన్నారు. మీరు చికెన్ మెత్తగా ఉడకబెడుతున్నారు. ఈ డైట్‌కి అమెరికాలో పేరు తెచ్చినవాళ్లలో ఒకరైన డాక్టర్ పాల్ సలాడినో తానే తర్వాత పళ్లు, తేనె తినడం మొదలుపెట్టారు. ఈ ముక్క మీ అన్నకి పంపండి.

కాబట్టి కంటిన్యూ చేయొద్దు. అలాగని పాత పళ్లానికీ వెళ్లొద్దు. మీరు సాధించింది అన్నం తగ్గించడం, దాన్ని మాత్రం చేజారనివ్వకండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్. మీకు రోజుకు 78 గ్రాములు. ఎముక లేని చికెన్ పావు కిలోకి కాస్త తక్కువగా, మూడు గుడ్లు, కప్పు పప్పు, కప్పు పెరుగు. అక్కడికే 75 దాకా వచ్చేస్తుంది, మిగతాది గుప్పెడు పల్లీలు చూసుకుంటాయి. కిలో చికెన్ ఎందుకు? మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె లేదా చిన్న కప్పు అన్నం, పక్కన కూర దానికి రెట్టింపు. రాత్రి అన్నం లేకపోయినా నష్టం లేదు, బిళ్లల మోతాదు డాక్టర్ మార్చాక మాత్రమే. వారంలో రెండు మూడు సార్లు చేప. అన్నం తగ్గించిన చోట పప్పు, పెరుగు, గుడ్డు, చేప పెట్టుకుంటే షుగర్ ముప్పు తగ్గేలా ఉందని, ఎర్ర మాంసం పెట్టుకుంటే ఆ మేలు కనిపించలేదని ఇందాక చెప్పిన ఇండియాబ్ అధ్యయనంలోనే ఉంది. చికెన్ ఉడకబెట్టుకోవడం మానేసి కాస్త నూనె, అల్లం వెల్లుల్లి వేసి మనిషిలా వండించుకోండి.

ఇంత చెప్పినా "లేదు మేడం, ఒక నెల చేసి చూస్తా" అంటారేమో. మీ ఉత్తరంలో ఆ మొండితనం కనిపిస్తోంది. అయితే డాపాగ్లిఫ్లోజిన్ ఆపించుకోకుండా, గ్లిమిపిరైడ్ మోతాదు తేల్చుకోకుండా, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ పరీక్ష), క్రియాటినిన్, ఆల్బుమిన్, యూరిక్ యాసిడ్ చూపించుకోకుండా మొదటి రోజు కూడా వద్దు. స్కిన్‌లెస్ వద్దు. వారానికి ఒక్కసారి కార్జం, అంతకు మించితే విటమిన్ ఎ ఎక్కువైపోతుంది. ముళ్లతో నమిలి తినగలిగే చిన్న చేపలు ఉంటే కాల్షియం వస్తుంది. నెల తిరిగేసరికి ఎల్‌డీఎల్ మళ్లీ చూపించుకోవాలి, పెరిగితే ఆ రోజుతో ఆపేయాలి. కిడ్నీ జబ్బు, గౌట్, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ పేరా తమకు కాదనుకోవాలి.

గోంగూర. ముక్కలు కడిగి తింటున్నానని రాశారు చూడండి, అక్కడ కాసేపు ఆగిపోయాను. మన ఇళ్లలో మాంసం ఒంటరిగా పొయ్యి ఎక్కిందే తక్కువ. గోంగూర మటన్, చింతచిగురు మటన్, దోసకాయ మటన్, మునక్కాయ మటన్. అర కిలో మాంసం ఆరుగురికి రావాలని కలిపారో, పులుపు పడితే ముక్క మెత్తబడుతుందని కలిపారో గానీ, పీచు, పులుపు, మాంసం ఒకే గిన్నెలో కుదిరాయి. గోంగూరలో మీ షుగర్‌ని పెంచేది ఏమీ లేదు. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే తప్ప మానక్కర్లేదు. అమ్మ వడ్డించింది కడగకుండా తినండి, అన్నం మాత్రం గరిటెడు చాలనండి. పరీక్షల కాగితాలు వచ్చాక మళ్లీ రాయండి. ఆ ఉత్తరం మొదటి లైన్‌లో డాక్టర్‌కి ఫోన్ ఏ రోజు చేశారో రాయండి.